పక్కింట్లో ఏం వండారు

గార్డెన్ రీచ్, కలకత్తా
14 జూన్ 1986

దయమ్మత్తకి మేనకోడలు దెబోరా వందనాలు.

దేవుని దయ వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి వానలతో పాటు మోకాళ్ల నొప్పులు కూడా వచ్చేశాయి. నాన్నకి ఓడల కార్ఖానాలో ఫోర్‌మన్ పని ఒకటి చాలనట్టు ఈ ఏడు చర్చి సంఘానికి కార్యదర్శిని కూడా చేశారు. ఇప్పుడు ఇంట్లో అన్నానికి కూర్చున్నా మీటింగుకి కూర్చున్నట్టే కూర్చుంటున్నారు.

నీతో ఒక పని పడింది. మన చర్చి హాల్లో శనివారం సాయంత్రం తెలుగు బడి నాకు అప్పగించారు. ఇరవై ఇద్దరు పిల్లలు. సగం మంది మన సంఘం వాళ్లు, సగం మంది డాక్‌లో పనిచేసే శ్రీకాకుళం వాళ్ల పిల్లలు. అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అక్షరం చూస్తే పోలీసుని చూసినట్టు బెదురుతారు. మొదటి పాఠం సమతుల ఆహారం. పుస్తకంలో బొమ్మ ఉంది: ఆపిల్ పండు, ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసుడు పాలు, ద్రాక్ష గుత్తి.

నేను ఒక్కొక్కరినీ నిలబెట్టి పొద్దున ఏం తిన్నారని అడిగాను. అందరూ గుడ్డు తిన్నామన్నారు. దేముడు అనే పిల్లాడు మూడు తిన్నానన్నాడు. డాక్ కూలీ బైరాగి మనవరాలు అప్పమ్మ, ఎనిమిదేళ్లది, చాలాసేపు తన కాళ్లకేసి చూసుకుని, చివరికి బొమ్మలో ఉన్నవన్నీ తిన్నానని చెప్పింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, అబద్ధమెందుకు. ఆ పిల్ల మరుసటి శనివారం రాలేదు.

ఆసుపత్రి వంటశాలలో ముప్ఫై ఏళ్లుగా గరిటె తిప్పుతున్నదానివి. పిల్లలకి ఈ పాఠం ఎలా చెప్పాలో కాస్త చెప్పు.

నీ దెబోరా

---

భీమునిపట్నం
27 జూన్ 1986

దెబోరాకి,

నీ ఉత్తరం చదివి నీ చెవి మెలిపెట్టాలనిపించింది. ఐదు వందల మైళ్ల దూరంలో ఉండి బతికిపోయావు.

ఒసే, ఆకలి ఇంటి పిల్లని నలుగురిలో నిలబెట్టి ఏం తిన్నావని అడుగుతారా? అబద్ధం ఆడక ఏం చేస్తుంది? నా వంటశాలలో పనికి కొత్తగా వచ్చే ప్రతి అమ్మాయికీ మొదటిరోజే చెబుతాను, రోగిని ఇంట్లో ఏం తినేవాడివని పదిమందిలో అడగొద్దని. మంచం పక్కన కూర్చుని, మీ వీధిలో ఎవరి వంట బాగుంటుందని అడగమంటాను. అప్పుడు వాళ్లే చెబుతారు.

నువ్వు కూడా అదే చెయ్యి. మీ ఇంట్లో ఏం తిన్నారని అడగకు, పక్కింట్లో ఏం వండారని అడుగు. పొయ్యి వెలగని ఇంట్లో పిల్ల కూడా పక్కింటి వాసన చెప్పగలదు. నిజానికి ఆ పిల్లే అందరికన్నా బాగా చెబుతుంది. నాకెలా తెలుసని అడగకు, తెలుసు.

ఇంక ఆ ఆపిల్ బొమ్మ తీసి పక్కన పెట్టు. మీవాళ్లు ఓడలు కట్టే చోట పుట్టిన పిల్లలు. ఓడ నడవాలంటే బొగ్గు కావాలి, ఒళ్లు కట్టాలంటే ఇనుప రేకు కావాలి, దొంగలు ఎక్కకుండా కాపలా కావాలి. అన్నం, రొట్టె, నూనె, బెల్లం, ఇవి బొగ్గు. పప్పు, చేప, గుడ్డు, పాలు, ఇవి ఇనుము. ఆకుకూర, కాయగూర, నిమ్మకాయ, ఇవి కాపలా. పళ్లెంలో మూడూ ఉంటే ఓడ కదులుతుంది. నేను ఇంగ్లీషు డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదంతా ఇంతే, మిగతాది వాళ్ల చేతిరాత.

అప్పమ్మ ఇంటికి వెళ్లు. టీచరులా వెళ్లకు. వాళ్ల నాయనమ్మ దగ్గర చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచడం నేర్చుకోవడానికి వెళ్లు. చోడిలో ఉన్న బలం మీ ఆపిల్లో లేదని నేను చెప్పానని చెప్పు.

మీ నాన్న అప్పుడే కార్యదర్శి అయ్యాడా. నేను ఎత్తుకు తిరిగిన పిల్లాడు. వాడి ఆరోగ్యం చూసుకోండి.

దీవెనలతో,
దయారత్నం

---

గార్డెన్ రీచ్
6 సెప్టెంబరు 1986

దయమ్మత్తకి,

నువ్వు ఇక్కడికి రావాలి, చూడాలి. హాల్లో ఇప్పుడు ముప్ఫై ఒక్క మంది!

అప్పమ్మ ఇంటికి వెళ్లాను. వాళ్ల నాయనమ్మ అమ్మన్నమ్మ నన్ను చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఏటమ్మా, మా కూడు మీకెందుకు?" అంది. చోడి గురించి నువ్వు చెప్పిన మాట చెప్పాను. లోపలికి రమ్మని పీట వేసింది. అంబలి రెండుసార్లు ఉండ కట్టించాను, మూడోసారి కుదిరింది. మరుసటి శనివారం అప్పమ్మ బడికి వచ్చింది.

అత్తా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పిల్ల ఉండే గదికి ఒక గోడ అవతల బిహారీ వాళ్లు, ఇంకో గోడ అవతల ఉర్దూ మాట్లాడే దర్జీ ఇల్లు, ఎదురుగా ఒరియా వాళ్లు. లేచి నిలబడి ఏకరువు పెట్టింది. "మా గోడవతల సత్తు పిండి పిసికినారు టీచరమ్మా. ఉల్లిపాయి కోసినారు, పచ్చిమిరపకాయి కోసినారు, ఆవనూనె ఏసినారు. నిమ్మకాయి కూడా పిండినారు" అంది. పిల్లలు బొగ్గు, ఇనుము, కాపలా అని అరుస్తూ ఉంటే నేను బోర్డు మీద తెలుగులో రాశాను. వేయించిన శనగల పిండే కదా సత్తు, దానికి మూడూ దక్కాయి. దర్జీ గారింటి పప్పు, మాంసం కలిపి వండే కూరకి ఇనుము రెండుసార్లు పడింది. ఒరియా వాళ్ల పఖాళ, మన తరవాణి అక్కచెల్లెళ్లని తేల్చారు. రెండిటికీ రాత్రి అన్నమే కదా పుట్టిల్లు. దేముడు చెయ్యెత్తి, "మా అయ్య నోట్లో ఎట్టుకునే ఖైనీ పొగాకు ఏటవుద్ది టీచరమ్మా, బొగ్గా ఇనుమా?" అని అడిగాడు. తుప్పు అని చెప్పాను. ఇంటికెళ్లి వాళ్ల అయ్యకి చెప్పి తన్నులు తిన్నాడట.

మాటల తర్వాత రుచి. ప్రతి వారం ఒక పొరుగు ఇంటివాళ్లు కొంచెం పంపుతున్నారు. నాన్న కూడా పైకి ఏమీ అనరు గానీ మొన్న పళ్లెంలో తోటకూర చూసి, కాపలావాడు వచ్చాడే అన్నారు. ఇంకొంచెం కావాలంటే మాత్రం ఇప్పటికీ నోరు తెరవరు, పళ్లెం అంచు మీద వేలితో రెండు దెబ్బలు కొడతారు. ఫోర్‌మన్ గారి సైరన్ మోగింది అని అమ్మ నవ్వుతుంది. చిన్నప్పుడు కూడా ఇంతేనా?

వచ్చే నెలలో బెంగాలీ వారం. చేపల పులుసు అందరికీ తెలిసిందే, అందుకని ఖిచుడీ అనుకుంటున్నాను. బియ్యం, పెసరపప్పు, కూరగాయలు, అన్నీ ఒకే గరిటెలో. నీ పాఠం మొత్తం ఒక్క గిన్నెలో ఉంది.

నీ దెబోరా

---

భీమునిపట్నం
18 సెప్టెంబరు 1986

దెబోరాకి,

ఉత్తరం అందింది. సంతోషం. ఖిచుడీ మాత్రం వద్దు. చేపల పులుసే చెప్పు, లేకపోతే మోచా, అదే అరటిపువ్వు కూర చెప్పు. అది చర్చి హాలు, వచ్చేవి దుర్గా పూజ రోజులు. ఎందుకని అడగకు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ఇక్కడ వార్డు నిండా జ్వరాలు. ఎక్కువ రాయడానికి వీలు లేదు.

దయారత్నం

---

గార్డెన్ రీచ్
19 అక్టోబరు 1986

అత్తా,

నీ మాట వినలేదు. జరిగింది చెబుతాను.

బెంగాలీ వారం పూజ రోజుల్లోనే పడింది. ఎవరింట్లోనూ తీరిక లేదు, ఎవరూ ఏమీ పంపలేదు. నేను పాఠం మానేసి పాటలు పాడిద్దాం అనుకుంటూ ఉంటే అప్పమ్మ వచ్చింది. రెండు చేతులతో అల్యూమినియం గిన్నె పట్టుకుంది. జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయింది. మధ్యాహ్నం నుంచి వరసలో నిలబడి తెచ్చానంది. మూత తీశాను. వేడి ఖిచుడీ. పైన చిన్న మందార రేక.

చూడగానే అర్థమైంది. ఇది పొరుగింటి వంట కాదు, వీధి చివర పందిట్లో అమ్మవారికి పెట్టిన భోగం, నైవేద్యం. మన సంఘంలో మొదటి నియమమే అది కదా, విగ్రహాలకి అర్పించినది ముట్టకూడదని. తాతగారు పెట్టిన నియమం. అప్పమ్మకి ఆ నియమం తెలియదు. నేను బెంగాలీ వాళ్ల ఖిచుడీ కావాలన్నాను, తను తెచ్చింది. గిన్నె ఇంకా చేతుల్లోనే పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. మొదటి రోజు తన కాళ్లకేసి చూసుకున్న పిల్ల.

వడ్డించాను. రేక తీసి పక్కన పెట్టి, అందరికీ వడ్డించి, నేనూ తిన్నాను. మన సంఘం పిల్లలు ఆ రోజు తొమ్మిది మంది ఉన్నారు. బొగ్గు, ఇనుము, కాపలా అని అరిచారు. అంత గొప్ప పాఠం నేనింతవరకు చెప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి అందరికీ తెలిసిపోయింది. నాన్న ఇంటికొచ్చి తలుపు వేసి, "ఏటి చేసినావో తెలుసా నీకు? తెలీక పెట్టినానని ఒక్క మాట చెప్పు, సంఘంలో నేను సర్దిచెప్తాను" అన్నారు. తెలిసే పెట్టానని చెప్పాను. అప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. నేను వండినది తింటున్నారు గానీ, పళ్లెం మీద కొట్టడం మానేశారు. మొదట పెట్టింది తిని లేచిపోతున్నారు. అమ్మ ఇంకొంచెం వేయబోతే చెయ్యి అడ్డం పెడుతున్నారు.

నువ్వు ఎందుకు వద్దన్నావో ఇప్పుడు అర్థమైంది. నువ్వు కూడా వాళ్లలాగే అనుకుంటావు. పక్కింటి వంట గురించి అడగమన్నది నువ్వే. పక్కింట్లో దేవుడు వేరైతే అడగకూడదని కూడా అప్పుడే చెప్పాల్సింది.

దెబోరా

---

భీమునిపట్నం
28 అక్టోబరు 1986

దెబోరాకి,

ఉత్తరం అందింది. మీ నాన్నతో వాదించకు. సంఘం ఏం చెబితే అది వినేసి ఊరుకో. తర్వాత రాస్తాను.

దయారత్నం

---

గార్డెన్ రీచ్
6 నవంబరు 1986

అత్తకి,

నీ కార్డు అందింది. నాలుగు ముక్కల్లో ఊరుకోమన్నావు. సరే. ఇదే ఆఖరి ఉత్తరం, నీ పనికి అడ్డం రాను.

ఈ నెల ముప్ఫైన కమిటీ కూర్చుంటుంది. ఖిచుడీ తిన్న పిల్లల పేర్లన్నీ జాబితా రాసి, వాళ్లని నిలబెట్టి ప్రార్థన చేయించి, బడి మూసేయాలని అంటున్నారు. ఆ జాబితా రాయాల్సింది కార్యదర్శి, అంటే నాన్న. పిల్లల్ని మళ్లీ నలుగురిలో నిలబెట్టి ఏం తిన్నావని అడగబోతున్నారు. నన్ను తీసేస్తే తీసెయ్యనీ, అది మాత్రం నేను చూడలేను. అప్పమ్మ అప్పుడే రావడం మానేసింది. తన వల్లే బడి పోతోందని ఎవరో చెప్పారట.

దెబోరా

---

భీమునిపట్నం
15 నవంబరు 1986

నా తల్లీ దెబోరా,

నేను ఊరుకోమన్నది నీ కోసం కాదు, నా కోసం. పిరికిదాన్ని. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

పంతొమ్మిది వందల నలభై మూడులో నాకు పదకొండేళ్లు, మీ నాన్నకి మూడు. ఖిదిర్‌పూర్‌లో ఉండేవాళ్లం. మా నాన్న, మీ తాతగారు, ఓడ మీద ఖలాసీ. యుద్ధం. ఆ ఓడ ఎక్కడుందో కబురు లేదు. అమ్మకి జ్వరం, మంచం దిగలేదు. ఆ ఏడు బెంగాల్లో కరువు ఎలాంటిదో నువ్వు పుస్తకాల్లో చదివి ఉంటావు. నేను వీధిలో చూశాను. గంజి పొయ్యండమ్మా అని అడుగుతూ అడుగుతూనే మనుషులు గుమ్మాల దగ్గర పడిపోయేవారు. అన్నం అడిగే ధైర్యం కూడా లేదు వాళ్లకి, గంజే అడిగేవారు. మా పొయ్యి వెలగక నాలుగు రోజులైంది. పక్కింటి వాసన సంగతి నేను నేర్చుకున్నది అప్పుడే.

అవి పూజ రోజులు. వీధి చివర పందిట్లో తెల్లచీర కట్టుకున్న ఒక ముసలమ్మ గరిటెతో భోగం వడ్డిస్తోంది. తమ్ముణ్ణి చంకనేసుకుని వరసలో నిలబడ్డాను. చుట్టుపక్కల మన క్రైస్తవులు ఎవరైనా చూస్తారని, వాడి గొంతు గుర్తుపడతారని భయం. "నోరు తెరవకు నాయనా. ఇంకా కావాలంటే ఆకు మీద వేలితో కొట్టు" అని చెప్పాను. వాడు ఆకు దొన్నె ఖాళీ చేసి రెండు దెబ్బలు కొట్టాడు. ఆమె నవ్వి ఇంకో గరిటె వేసింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ వేసింది. మూడు రోజులు వెళ్లాం. అమ్మకి కూడా తీసుకెళ్లాను, పువ్వు రేకలు గోటితో ఏరి పారేసి. ఎక్కడిదే అని అడిగితే గంజి కేంద్రంలో పెట్టారన్నాను. ఒక రేక మిగిలిపోయినట్టుంది. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, తినేసింది.

ఆ మూడు రోజుల ముద్ద లేకపోతే మీ నాన్న లేడు. నువ్వూ లేవు.

డిసెంబరులో నాన్న తిరిగొచ్చారు. మమ్మల్ని బతికించినందుకు దేవునికి మోకాళ్ల మీద స్తోత్రం చెప్పారు. తర్వాత సంఘం కట్టారు, ఆ నియమం పెట్టారు. నేను ముందు వరసలో కూర్చుని ఆమెన్ అన్నాను. ఆయన చనిపోయే దాకా చెప్పలేకపోయాను. ఇక్కడ స్త్రీల సమాజంలో నేను కూడా అదే నియమం బోధించాను. నీ సెప్టెంబరు ఉత్తరంలో ఖిచుడీ అన్న మాట చూడగానే నలభై మూడేళ్లుగా మూసిన మూత కదిలింది. అందుకే వద్దన్నాను. నీ మీద కోపమూ కాదు, ఆ తిండి మీద అసహ్యమూ కాదు. ఆ ముసలమ్మని తలచుకోని రోజు లేదు. నా వంటశాలలో అడిగినవాడికి రెండో గరిటె లేదని ఎవరూ అనకూడదు, అది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

నువ్వు తెలిసే పెట్టానని ఒప్పుకున్నావు. నేను యాభై నాలుగేళ్లు వచ్చినా ఒప్పుకోలేకపోయాను. ఈ ఉత్తరం మీ నాన్నకి ఇస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. ఇస్తే మాత్రం కమిటీలో కాదు, ఇంట్లో ఇవ్వు. వాడు ఒంటరిగా చదువుకోవాలి.

నీ అత్త
దయమ్మ

---

గార్డెన్ రీచ్
2 డిసెంబరు 1986

దయమ్మత్తకి నా ముద్దులు, వందనాలు.

ముందుగా, నువ్వు కూడా వాళ్లలాగే అని రాసినందుకు క్షమించు. ఆ మాట ఎలా రాశానో తలచుకుంటే సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం వారం రోజులు బైబిల్లో దాచాను. ఇస్తే నేను గెలవడానికే ఇచ్చినట్టు ఉంటుంది, ఇవ్వకపోతే పిల్లలు నిలబడాలి. చివరికి ముప్ఫయ్యో తారీకు పొద్దున నాన్న ఆరాధనకి ముందు గడ్డం గీసుకుంటూ ఉంటే, అత్త ఉత్తరం రాసింది, మీరు చదవాలి అని చెప్పి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఎంతకీ బయటికి రాలేదు. తలుపు సందులోంచి చూస్తే సగం గడ్డం సబ్బుతోనే కూర్చుని ఉన్నారు. సబ్బు ఎండిపోయింది. తర్వాత మొహం కడుక్కుని చర్చికి వెళ్లిపోయారు.

సాయంత్రం కమిటీకి నన్ను కూడా పిలిచారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక, జాబితా చదవమని నాన్నని అడిగారు. నాన్న లేచి నిలబడ్డారు. కాగితం తీశారు. మీటింగుల్లో ఎప్పుడూ అచ్చు భాష మాట్లాడే మనిషి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడారు.

"మొదటి పేరు సాల్మన్ రాజు, వయసు మూడేళ్లు, ఖిదిర్‌పూర్, పంతొమ్మిది వందల నలభై మూడు. మూడు రోజులు తిన్నాడు. తినబట్టే బతికినాడు. ముందు ఈణ్ణి నిలబెట్టండి, తరవాత ఆ పిల్లల సంగతి చూద్దారి" అన్నారు.

నీ పేరు చెప్పలేదు అత్తా. తనని ఎవరు తీసుకెళ్లారని ఒకాయన అడిగితే, గుర్తు లేదు, పసివాణ్ణి అన్నారు. అయ్యగారు ఆ కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. బడి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు తమ పిల్లల్ని ఇక పంపేది లేదని చెప్పి వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లకి వెళతాను, వాళ్లని తప్పుపట్టను. నియమం మాట జనవరిలో చూస్తారట.

చర్చి నుంచి నాన్న తిన్నగా ఇంటికి రాలేదు. నన్ను వెంటబెట్టుకుని బైరాగి ఇంటికి వెళ్లారు. వాళ్ల గుమ్మంలో నిలబడి అప్పమ్మతో, "శనివారం రావాలమ్మా. నువ్వు తెచ్చింది మంచిదే" అని చెప్పారు. ఆ పిల్ల నాయనమ్మ చీర వెనక నుంచి తల ఊపింది.

ఇంటికొచ్చాక నేను ఖిచుడీ వండాను. మన పొయ్యి మీద, మన గిన్నెలో. నాన్న పళ్లెం ముందు కూర్చున్నారు. మొదటి వాయి తలెత్తకుండా తిన్నారు. తర్వాత ఎప్పటిలా వేలు పళ్లెం అంచు దగ్గరికి వచ్చింది. అమ్మ గరిటె అందుకుంది. వేలు అక్కడే ఆగిపోయింది.

చెయ్యి వెనక్కి తీసుకుని, నా వైపు చూసి, నోరు తెరిచి అడిగారు.

"ఇంకొంచెం ఎయ్యమ్మా."

వేశాను అత్తా. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ వేశాను.

నీ మేనకోడలు
దెబోరా